పిల్లల తొలి గాత్ర పరీక్ష: సరళీ స్వరాల నుంచి పరీక్ష గది దాకా

పిల్లల్ని సంగీతంలో చేర్పించి ఆర్నెల్లు కాకముందే తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంకా సరిగమలేనా అండీ? పాట ఎప్పుడు మొదలుపెడతారు?" పిల్లలు మాత్రం బుద్ధిగా పాడుకుంటూనే ఉంటారు, తొందరంతా పెద్దవాళ్లదే. ఆ తొందర చూసి టీచరు నాలుగు గీతాలు గబగబా చెప్పేస్తే పుట్టినరోజు వీడియోలకు బాగానే ఉంటుంది, పరీక్షలో మాత్రం దొరికిపోతారు. తొలి మెట్టు గాత్ర పరీక్షలో పరీక్షకులు ముందు పట్టి చూసేవి రెండే: గొంతు శ్రుతిలో (పాటకు ఆధారంగా వెనక మోగే స్వరంలో) నిలుస్తోందా, చేయి తాళం తప్పకుండా వేస్తోందా. ఎన్ని పాటలు వచ్చన్న లెక్క ఆ తరువాతిది.

ఈ రెండూ ఇంట్లో రోజూ అరగంటలోపు సాధకంతో కుదిరేవే. ఇంట్లో ఎవరికీ సంగీతం రాకపోయినా ఫరవాలేదు, ఏం వినాలో ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు. కర్ణాటక గాత్రం నేర్చుకుంటున్న ఆరేళ్ల నుంచి పన్నెండేళ్లలోపు పిల్లల్ని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ముందు ఏ పరీక్షో తేల్చుకోండి

"మ్యూజిక్ ఎగ్జామ్" అని ఒకటే పరీక్ష లేదు. తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ సంగీత కళాశాలలు ఉన్నాయి. హైదరాబాదులో శ్రీ త్యాగరాజ కళాశాల, సికింద్రాబాదులో భక్త రామదాసు కళాశాల, విజయవాడలో ఘంటసాల పేరిట ఉన్న కళాశాల, 1919లో మొదలై ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాలుగా పనిచేసిన విజయనగరం కళాశాల అలాంటివే. వీటిలో నాలుగేళ్ల సర్టిఫికెట్, దాని మీద రెండేళ్ల డిప్లొమా అని రెండు మెట్లు. తిరుపతిలో దేవస్థానం వారి సంగీత కళాశాల ఉంది. బెంగళూరులో ఉన్న తెలుగు పిల్లలు ఎక్కువగా కర్ణాటక రాష్ట్రం వారి జూనియర్, సీనియర్, విద్వత్ పరీక్షల దారిలో వెళ్తారు. హిందుస్తానీ నేర్చుకునేవాళ్లకు గాంధర్వ మహావిద్యాలయ మండలి వారి ప్రారంభిక, ప్రవేశిక పరీక్షలున్నాయి. అమెరికాలో అయితే సిలికానాంధ్ర వారి "సంపద" కార్యక్రమం ద్వారా పరీక్షలు రాసే పిల్లలు చాలామంది.

పాశ్చాత్య గాత్రం సంగతి వేరు, ఆ పరీక్షలు జరిపేది ఏబీఆర్ఎస్ఎం, ట్రినిటీ వంటి బ్రిటన్ సంస్థలు. ఏబీఆర్ఎస్ఎం ప్రాక్టికల్ పరీక్షలో 150కి 100 వస్తే పాసు, ట్రినిటీలో 100కి 60. ఏబీఆర్ఎస్ఎంలో పియానో తోడుతో పాడే పాటలతో పాటు, ఏ వాద్యం తోడు లేకుండా ఒక సంప్రదాయ గీతం, కాగితం చూసి అప్పటికప్పుడు పాడటం, విన్నదాన్ని గుర్తుపట్టి చెప్పడం కూడా ఉంటాయి. ఒకే ఏడాది అటూ ఇటూ రెండు పరీక్షలకు పిల్లల్ని కూర్చోబెట్టే ఇళ్లున్నాయి. పదేళ్లలోపు పిల్లలకు అది అన్యాయం.

ఏది ఎంచుకున్నా చేయాల్సిన మొదటి పని ఆ ఏటి సిలబస్ కాగితం సంపాదించడం. గత ఏడాది రాసిన పిల్లల దగ్గర ఉన్నది సరిపోదు, నేరుగా పరీక్ష జరిపేవారి నుంచే తీసుకోండి. దాన్ని ప్రింటు తీసి, ప్రతి అంశం పక్కనా మూడు గళ్లు గీయండి: "వచ్చు", "తాళంతో వచ్చు", "అడగ్గానే పాడగలదు". మొదటి గడికీ మూడో గడికీ మధ్య నెలల దూరం ఉంటుంది. ఆ సంగతి కళ్లకు కనబడాలనే ఈ కాగితం.

టీచరు దగ్గర ఏం చూడాలి

ఆరు, ఏడేళ్లకు క్లాసులో కూర్చోగలరు. అంతకన్నా చిన్నవాళ్లకు వినికిడే పాఠం, ఇంట్లో పాట మోగుతూ ఉంటే చాలు.

టీచరును ఎంచుకునేటప్పుడు వారి డిగ్రీలు, కచేరీల లెక్క అడుగుతారు కానీ ఒక్క క్లాసు పూర్తిగా కూర్చుని వినేవాళ్లు తక్కువ. కూర్చోండి. శ్రుతిపెట్టె పెట్టాకే పాఠం మొదలవుతోందా? ప్రతి పిల్లా కనీసం ఒకసారి ఒంటరిగా పాడుతోందా, లేక పదిమందీ కలిసి పాడి వెళ్లిపోతున్నారా? గుంపులో పాడే పిల్ల పక్కవాళ్ల గొంతును ఆనుకుని పాడుతుంది. పరీక్ష గదిలో ఆ ఆసరా ఉండదు. తప్పు పాడినప్పుడు టీచరు అక్కడే ఆపి ఆ ఒక్క స్వరం సరిచేస్తున్నారా, లేక మొదటి నుంచి మళ్లీ పాడిస్తున్నారా అన్నది కూడా గమనించండి. అక్కడికక్కడ సరిచేసేవారు దొరికితే వదులుకోకండి.

ఆన్‌లైన్ క్లాసులో ఇంకో చిక్కు. నెట్‌లో గొంతు అటు చేరడానికి కాస్త ఆలస్యమవుతుంది కాబట్టి గురుశిష్యులు కలిసి పాడటం కుదరదు. గురువు పాడి ఆపాలి, తరువాత పిల్ల పాడాలి. అలాంటప్పుడు తాళం పూర్తిగా పిల్ల బాధ్యతే. కెమెరాలో ముఖంతో పాటు తొడ మీద వేసే చేయి కూడా కనబడేలా ల్యాప్‌టాప్ కాస్త దూరంగా పెట్టండి. చాలామంది పిల్లలు ముఖం ఒక్కటే చూపించి నెలల తరబడి తాళం లేకుండా లాగించేస్తారు.

శ్రుతి: పిల్ల గొంతుకు సరిపడేది

శ్రుతి అంకెల్లో చెబుతాం. హార్మోనియం తెల్ల మెట్ల మీద సి అంటే ఒకటి, డి రెండు, ఇ మూడు, ఎఫ్ నాలుగు, జి అయిదు, ఎ ఆరు, బి ఏడు. నల్ల మెట్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, అయిదున్నర, ఆరున్నర. ఇ, ఎఫ్‌ల మధ్య నల్ల మెట్టు లేదు కాబట్టి మూడున్నర శ్రుతి అనేది లేదు. చిన్నపిల్లలు, ఆడపిల్లలైనా మగపిల్లలైనా, సాధారణంగా నాలుగున్నర నుంచి ఆరు మధ్యలో హాయిగా పాడతారు.

మగ గురువు తన ఒకటి లేదా ఒకటిన్నర శ్రుతిలోనే పిల్లలకూ చెబితే కింది స్వరాలు అందక పిల్లలు గొణుగుతారు. అందుకే శ్రుతి పిల్లను బట్టి ఉండాలి. పరీక్షించే తీరు సులువు. శ్రుతి పెట్టి "సరిగమ పదనిస" పాడించండి. పైషడ్జం (పై స) దగ్గర మెడ నరాలు ఉబ్బినా, గడ్డం పైకి లేచినా శ్రుతి ఎక్కువైనట్టు. కింది షడ్జం గాలిలా వినబడితే తక్కువైనట్టు. పైషడ్జం ఒక్కటి అందితే సరిపోదని కూడా గుర్తుంచుకోండి. మలహరి గీతాల్లో అందరూ మొదట నేర్చుకునే "శ్రీ గణనాథ" మొదటి వరుసే "మప దససరి" అంటూ తారస్థాయి రిషభం (పై రి) దాకా పోతుంది. ఆ రిషభం అరవకుండా పలికితే శ్రుతి కుదిరినట్టే.

ఫోన్‌లో తంబూర యాప్ వాడితే చిన్న స్పీకరులో మంద్ర షడ్జం (బాగా కింది స) సరిగా వినబడదు. ఓ మాదిరి స్పీకరుకు కలపండి, లేదా ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె కొనండి. శబ్దం పిల్ల గొంతు కన్నా తక్కువగా ఉండాలి. శ్రుతి హోరెత్తితే పిల్లకు తన గొంతు తనకు వినబడదు.

శ్రుతి కలపడం ఎలా తెలుస్తుంది? పిల్లను కళ్లు మూసుకుని "సా" అని ఊపిరి ఉన్నంతసేపు పట్టమనండి. గొంతు శ్రుతిలో కలిస్తే రెండూ ఒకటై, గొంతు ఎక్కడుందో విడిగా తెలియదు. కలవకపోతే గాలిలో ఒక అదురు వినబడుతుంది, అలలు అలలుగా. సంగీతం రాని అమ్మానాన్నలు కూడా రెండు మూడు రోజుల్లో దాన్ని పట్టేస్తారు. ఆ తరువాత "పా", ఆపైన తారస్థాయి "సా". ఈ మూడూ నిలిచాకే మిగతావి.

సరళీ స్వరాలు: పరీక్ష ఇక్కడే గట్టెక్కుతుంది

మన పాఠాలన్నీ మాయామాళవగౌళ రాగంలో, సరిగమలను వరుసగా పైకీ కిందికీ పాడే సరళీ స్వరాలతో మొదలవుతాయి. ఈ వరుసను ఏర్పరచిన ఘనత సంప్రదాయంలో పురందరదాసుకు ఇస్తారు. 72 మేళకర్తల్లో (మూల రాగాల్లో) ఇది 15వది. షడ్జం (స) కాక, శుద్ధ రిషభం (రి), అంతర గాంధారం (గ), శుద్ధ మధ్యమం (మ), పంచమం (ప), శుద్ధ ధైవతం (ద), కాకలి నిషాదం (ని) దీని స్వరాలు. స నుంచి మ దాకా ఉన్న మెట్లే ప నుంచి పైషడ్జం దాకా మళ్లీ వస్తాయి: ఒక చిన్న అడుగు, ఒక పెద్ద అంగ, మళ్లీ చిన్న అడుగు. కింది సగం కుదిరిన పిల్లకు పై సగం తేలికపడుతుంది.

పిల్లలు తప్పేది రిషభం, ధైవతం దగ్గర. సినిమా పాటలు విన్న చెవికి పెద్ద రిషభం అలవాటు. దాంతో తెలియకుండానే రిషభం పైకి జారి, మాయామాళవగౌళ కాస్తా శంకరాభరణం వైపు వెళ్లిపోతుంది. దీన్ని ఇంట్లో పట్టుకోవడానికి కీబోర్డు యాప్ ఉంటే చాలు. అయిదు శ్రుతి పిల్లకు జి షడ్జం. దాని కుడి పక్కనున్న నల్ల మెట్టే రిషభం. అక్కడి నుంచి గాంధారం బి, మధ్యమం సి, పంచమం డి, దాని కుడి పక్క నల్ల మెట్టు ధైవతం, నిషాదం ఎఫ్ పక్క నల్ల మెట్టు, మళ్లీ జి. పాప "రీ" పట్టినప్పుడు ఆ నల్ల మెట్టు నొక్కి కలుస్తోందో లేదో వినండి. వారానికోసారి ఈ తనిఖీ చాలు, రోజూ కీబోర్డు పక్కన పెడితే పిల్ల దాని మీదే ఆధారపడుతుంది.

ఇక కాలాలు, అంటే వేగాలు. ఆదితాళం ఒక ఆవర్తనానికి (తాళం ఒక చుట్టుకు) ఎనిమిది అక్షరాలు (లెక్కలు): దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు, ఆ తరువాత దెబ్బ, ఉసి (అరచేయి తిప్పడం), దెబ్బ, ఉసి. మొదటి సరళీ వరుసలో ఆరోహణ, అవరోహణ కలిపి 16 స్వరాలు. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, అంటే రెండు ఆవర్తనాలు. రెండో కాలంలో అక్షరానికి రెండు, ఒక ఆవర్తనంలో ముగుస్తుంది. మూడో కాలంలో అక్షరానికి నాలుగు, మొత్తం సగం ఆవర్తనమే. మధ్యవేలు దగ్గరికి వచ్చేసరికి వరుస అయిపోతుంది! అందుకే మూడో కాలంలో రెండుసార్లు పాడితేనే ఆవర్తనం నిండుతుంది. ఈ లెక్క తెలియని పిల్లలు ఒకసారి పాడి, చేయి గాలిలో ఉండగా ఆగిపోయి, టీచరు వైపు చూస్తారు.

అన్నిటికన్నా ఎక్కువగా కనబడే లోపం ఇంకొకటి. కాలం పెరగగానే గొంతుతో పాటు చేయి కూడా పరుగెత్తుతుంది. చేయి మాత్రం మూడు కాలాల్లోనూ ఒకే నడకలో ఉండాలి, మారేది గొంతు ఒక్కటే. దీనికి ఇంట్లో చేయగలిగిన మంచి పని ఏమిటంటే, పిల్ల పాడుతుంటే మీరు ఎదురుగా కూర్చుని తాళం వేయండి. మొదటి కాలం నుంచి మూడో కాలానికి మారినా మీ చేయి మారనివ్వకండి. వారం తిరిగేసరికి పిల్ల చేయి మీ చేతిని చూసి నెమ్మదిస్తుంది. తరువాత మీరు ఆపేయండి, పిల్ల ఒక్కతే వేయాలి. ఆ తరువాత మెట్రోనోమ్ పెట్టి చూడండి. మూడో కాలంలో స్వరాలు నలిగిపోకుండా పలికే వేగాన్ని ముందు కనుక్కుని, దాన్నే మొదటి కాలానికీ పెట్టాలి. చాలామంది మొదటి కాలాన్ని హుషారుగా మొదలుపెట్టి మూడో కాలంలో నాలుక మడతపడి నవ్వేస్తారు.

ఒక్కో సరళీ వరుసను స్వరాలతో పాటు అకారంతో కూడా పాడించండి. "సరిగమ" అన్నప్పుడు స్వరం పేరు ఆసరాగా ఉంటుంది, "ఆ" అన్నప్పుడు స్థానం తెలిసిపోతుంది. దాచుకున్న లోపాలన్నీ అకారంలో బయటపడతాయి.

జంట, దాటు, అలంకారాలు

జంటస్వరాల్లో రెండో స్వరం మీద ఒత్తు పడాలి: సస, రిరి, గగ. ఒత్తు లేకుండా పాడితే అది సాగదీసిన సరళి, అంతే. ఆ ఒత్తు పొట్ట నుంచి రావాలి, గొంతు బిగించి కాదు. పాప పొట్ట మీద తన చెయ్యి తానే వేసుకుని పాడితే తెలుస్తుంది. దాటు వరుసలకు (స్వరాలు దాటుతూ పాడేవాటికి) ఓపిక ఒక్కటే మందు, వాటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. హెచ్చుస్థాయి, మంద్రస్థాయి వరుసలు మాత్రం గొంతు బాగున్న రోజే పాడించండి.

సప్త తాళ అలంకారాల (ఏడు తాళాల్లో పాడే స్వర వరుసల) దగ్గర కాస్త నిలబడాలి. పరీక్షకులకు ఇవంటే ఇష్టం, ఎందుకంటే ఒక్క అలంకారంతో పిల్ల తాళజ్ఞానమంతా తెలిసిపోతుంది. అక్షరాల లెక్క నోటికి రావాలి: చతురశ్రజాతి ధ్రువం 14, మఠ్యం 10, రూపకం 6, మిశ్రజాతి ఝంపె 10, త్రిశ్రజాతి త్రిపుట 7, ఖండజాతి అట 14, చతురశ్రజాతి ఏకం 4. ఊరికే బట్టీ పట్టించకుండా అంగాలతో (తాళంలోని భాగాలతో) కూడిక చేయించండి. ధ్రువంలో లఘువు (దెబ్బ, వేళ్ల ఎంచుడు; దాని పొడవును జాతి చెబుతుంది), ద్రుతం (దెబ్బ, ఉసి), లఘువు, లఘువు, అంటే 4+2+4+4. "సరిగమ గరి సరిగరి సరిగమ" అన్న అలంకారం సరిగ్గా ఆ అంగాల్లోనే విరుగుతుంది. త్రిపుటలో "సరిగ సరి గమ", 3+2+2. స్వరాలే తాళం చెబుతున్నాయని గ్రహించిన పిల్లకు ఇక భయం ఉండదు.

అందరికీ అడ్డం తిరిగేది ఝంపె. ఏడు అక్షరాల లఘువులో ఒక దెబ్బ, ఆరు వేళ్ల ఎంచుడు. చేతికున్నది అయిదు వేళ్లే కాబట్టి చిటికెన, ఉంగరం, మధ్య, చూపుడు, బొటన అయ్యాక మళ్లీ చిటికెనకు రావాలి. ఆ వెంటనే అనుద్రుతం, అంటే ఒక్క దెబ్బ, తరువాత ద్రుతం. రెండు దెబ్బలు పక్కపక్కనే రావడంతో పిల్లలు ఒకటి మింగేస్తారు. పాట లేకుండా చేతితో ఒక్కటే, నోటితో "ఒకటి, రెండు" అని పదిదాకా లెక్కపెడుతూ నాలుగు రోజులు వేయించండి. కారులో స్కూలుకు వెళ్తూ కూడా వేయొచ్చు.

గీతాలు

తొలి గీతాలు మలహరిలో ఉండటానికి మంచి కారణముంది. మలహరి మాయామాళవగౌళ జన్యమే (దాన్నుంచి పుట్టిన రాగమే), స్వరస్థానాలన్నీ పాతవే. ఆరోహణలో సరిమపదస, అవరోహణలో సదపమగరిస. గాంధారం దిగేటప్పుడు మాత్రమే వస్తుంది, నిషాదం అసలే లేదు. ఇది వైవాలో (నోటి ప్రశ్నల్లో) తరచు అడిగే సంగతి కూడా. ఆ తరువాత మోహనంలో "వర వీణా" వంటి గీతానికి వచ్చేసరికి రిషభం, ధైవతం రెండూ మారతాయి. ఏడాదిగా చిన్న రిషభానికి అలవాటుపడ్డ గొంతు ఇక్కడ తడబడుతుంది, సహజమే. గీతం మొదలుపెట్టే ముందు వారం రోజులు మోహనం ఆరోహణ, అవరోహణలు మాత్రమే పాడించమని టీచరును అడగండి.

పరీక్షలో గీతాన్ని ముందు స్వరంతో, తరువాత సాహిత్యంతో పాడాలి. ఇంట్లో పిల్లలు సాహిత్యమే పాడతారు, ఇష్టం కాబట్టి. స్వరం మరిచిపోతారు. అందుకని ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకోండి: స్వరం పాడనిదే సాహిత్యం లేదు. సాహిత్యం అర్థం కూడా చెప్పండి, వినాయకుడి మీద పాడుతున్నామని తెలిస్తే మాటలు ఎక్కడ విరవాలో తెలుస్తుంది. కన్నడ, సంస్కృత పదాలను తెలుగు నోటితో ముక్కలు చేసి పాడే పిల్లలు ఎక్కువ. ఒత్తక్షరాలు మింగితే పరీక్షకులకు వెంటనే తెలుస్తుంది.

సిలబస్‌లో లేని కీర్తనలు ఈ ఏడాదికి వద్దు. బంధువుల ముందు పాడటానికి ఒకటి కావాలంటే చిన్న భజన నేర్పించండి, గొడవ ఉండదు.

నోటుబుక్కు, లక్షణం

స్వరలిపి ప్రింటు తీసి అంటించకుండా పిల్లే రాయాలి. తారస్థాయి స్వరానికి పైన చుక్క, మంద్రానికి కింద చుక్క. ఒక అక్షరం పొడిగింపుకు కామా, రెండింటికి సెమికోలన్. అంగం ముగిసినచోట ఒక నిలువు గీత, ఆవర్తనం ముగిస్తే రెండు. గీతలు తప్పు చోట పడ్డాయంటే తాళం అర్థం కాలేదని అర్థం. చూడగానే తెలిసిపోయే తనిఖీ ఇది.

లక్షణం అంటే సిద్ధాంత భాగం. నాదం, శ్రుతి, స్వరం, స్థాయి, లయ, ఆవర్తనం, ఆరోహణ, అవరోహణ, పన్నెండు స్వరస్థానాలు, వాటికి పదహారు పేర్లు, సప్త తాళాలు, అయిదు జాతులు. పాడే గీతం రాగలక్షణం తప్పకుండా రావాలి. వాగ్గేయకారుల్లో పురందరదాసు, త్యాగరాజు (1767–1847), శ్యామశాస్త్రి (1762–1827), ముత్తుస్వామి దీక్షితార్, అన్నమయ్య గురించి నాలుగేసి వాక్యాలు చెప్పగలిగితే తొలి మెట్టుకు సరిపోతుంది. నిర్వచనాలు పుస్తకభాషలో బట్టీ పట్టించకండి. "స్థాయి అంటే ఏమిటమ్మా?" అని అడిగితే పిల్ల స కింద, స పైన పాడి చూపించి "ఇది మధ్య, ఇది తార" అన్నా మార్కులిచ్చే పరీక్షకులున్నారు.

పెద్దపిల్లలకు కటపయాది (రాగం పేరులోని అక్షరాల నుంచి మేళకర్త సంఖ్య తేల్చే పద్ధతి) నేర్పిస్తే ఆటలా ఉంటుంది. మాయామాళవగౌళలో మొదటి రెండక్షరాలు మా, యా. "పఫబభమ" వరుసలో మ అయిదోది, "యరల" వరుసలో య ఒకటోది. 51ని తిరగేస్తే 15. ధీరశంకరాభరణంలో ధ 9, ర 2, తిరగేస్తే 29. ఒకసారి అర్థమైతే పిల్లలు కనబడ్డ రాగం పేరల్లా తిరగేస్తూ కూర్చుంటారు.

రోజుకు పాతిక నిమిషాలు

అసుర సాధకం అని పెద్దవాళ్లు చెప్పుకునేది చిన్నపిల్లలకు అక్కర్లేదు. రోజూ ఒకే వేళకు పాతిక నిమిషాలు, వారంలో ఆరు రోజులు. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చోబెడితే గొంతు అలసిపోవడం తప్ప ఏమీ మిగలదు.

నాలుగైదు నిమిషాలు సా, పా, పైసా నిలకడ. తరువాత ఒక సరళీ వరుస మూడు కాలాల్లో, అకారంతో సహా. ఒక జంట వరుస. ఒక అలంకారం, రోజుకో తాళం చొప్పున తీసుకుంటే వారంలో ఏడూ తిరుగుతాయి, ఆదివారం సెలవైతే ఏకతాళాన్ని రూపకంతో కలిపేయండి. చివరి ఏడెనిమిది నిమిషాలు గీతం. గీతం ముందు పెడితే ఇక మిగతావి పాడరు, కాబట్టి అది చివరనే.

వారానికోసారి ఫోన్‌లో రికార్డు చేసి పిల్లకే వినిపించండి. మీరు తప్పులు చెప్పకండి, "ఎక్కడ నచ్చలేదు?" అని అడగండి. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు మనకన్నా కచ్చితంగా చెబుతారు.

గొంతు బొంగురుపోయినప్పుడు సాధకం ఆపి తాళం, లక్షణం చేయించండి. గుసగుసగా మాట్లాడటం కూడా గొంతుకు విశ్రాంతి కాదు, మౌనమే మేలు. బొంగురు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. స్కూలు మైదానంలో అరిచి వచ్చిన సాయంత్రం పైస్థాయి వరుసలు వద్దు. మగపిల్లలకు పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య గొంతు మారుతుంది. అప్పుడు చాలామంది సిగ్గుపడి మానేస్తారు. మానక్కర్లేదు, శ్రుతి తగ్గించి మధ్యస్థాయిలో పాడుతూ ఉంటే చాలు. ఆ వయసులో పరీక్ష ఒక ఏడాది వాయిదా వేసినా నష్టం లేదు.

పరీక్షకు మూడు నెలల ముందు

దరఖాస్తులో పిల్ల పేరు స్కూలు రికార్డులో ఉన్నట్టే రాయండి, ఇంటిపేరు స్పెల్లింగుతో సహా. సబ్జెక్టు దగ్గర "గాత్రం" అని సరిగా ఉందో చూడండి. ఫీజు రసీదు, హాల్ టికెట్ ఒక్కోటి రెండేసి కాపీలు తీసి పెట్టుకోండి. వీటి గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు, కానీ చివరి నిమిషంలో గొడవలన్నీ ఇక్కడే వస్తాయి.

మొదటి నెల: సిలబస్ కాగితంలో రెండో గడి నిండాలి, అంటే అన్నీ తాళంతో రావాలి. కొత్త పాఠం ఇక్కడితో ఆపేయమని టీచరుకు చెప్పండి.

రెండో నెల చీటీల ఆట. సిలబస్‌లోని ప్రతి అంశాన్నీ చిన్న కాగితం మీద రాసి గిన్నెలో వేయండి. "అయిదో సరళీ వరుస, రెండో కాలం", "ఖండజాతి అట తాళ అలంకారం", "మలహరి ఆరోహణ, అవరోహణ" ఇలా. రోజూ పిల్ల మూడు చీటీలు తీసి వెంటనే పాడాలి. వరుసక్రమంలో పాడటం అలవాటైన పిల్లకు "నేరుగా రెండో కాలం పాడు" అంటే చేయి ఆడదు. పరీక్షలో అడిగేది మాత్రం అలాగే.

మూడో నెలలో పిల్లకు చనువు లేని పెద్దవాళ్ల ముందు కూర్చోబెట్టండి. అపార్టుమెంటులో సంగీతం తెలిసిన మామ్మగారో, పై ఫ్లోర్ అంకులో. అమ్మ ముందు పాడే పిల్ల వేరు, ఎదురుగా కళ్లద్దాలు పెట్టుకుని కాగితం మీద ఏదో రాసుకునే మనిషి ముందు పాడే పిల్ల వేరు. ఆ రాసుకోవడమే పిల్లల్ని భయపెడుతుంది. "వాళ్లు మార్కులు వేసుకుంటున్నారు, తప్పులు లెక్కపెట్టట్లేదు" అని ముందే చెప్పండి.

పరీక్ష గదిలో

ముందురోజు సాధకం పది నిమిషాలే. ఐస్‌క్రీము, వేపుళ్లు వద్దని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. పొద్దున కడుపు నిండా తినిపించకండి, అలాగని ఖాళీ కడుపుతోనూ పంపకండి, ఇడ్లీ సరిపోతుంది. గోరువెచ్చని నీళ్ల సీసా, శ్రుతిపెట్టె, దానికి ఛార్జరు, నోటుబుక్కు, హాల్ టికెట్. కేంద్రంలో శ్రుతి ఉంటుందని నమ్ముకోకుండా మీది తీసుకెళ్లండి. తన శ్రుతి ఎంతో పిల్లకు తెలియాలి. "నీ శ్రుతి ఎంతమ్మా?" అని అడిగితే "అయిదున్నరండీ" అని టక్కున చెప్పే పిల్లను చూడగానే పరీక్షకులకు సగం నమ్మకం కుదురుతుంది.

లోపలికి వెళ్లాక చేయాల్సినవి పిల్లకు ఇంట్లోనే వరుసగా అలవాటు చేయండి. నమస్కారం పెట్టి కూర్చోవడం. శ్రుతి పెట్టి ఒకసారి సా, పా, సా పట్టడం, అడక్కపోయినా సరే. ఏం పాడబోతోందో చెప్పడం: రాగం, తాళం పేరుతో. ఒక ఆవర్తనం చేతితో ఖాళీగా వేసుకుని అప్పుడు ఎత్తుకోవడం. ఈ ఆఖరి అలవాటు ఒక్కటి ఉంటే వేగం కుదురుతుంది, గుండె దడా తగ్గుతుంది.

మధ్యలో మరిచిపోతే? చేయి ఆపకూడదు. తాళం వేస్తూనే ఉండి, తరువాతి ఆవర్తనం దగ్గర మళ్లీ అందుకోవాలి. ఇంట్లో దీన్ని కావాలనే సాధన చేయించండి: పాడుతుండగా మీరు "ఆపు" అనండి, పిల్ల గొంతు ఆపి చేయి నడిపిస్తుంది, "ఎత్తుకో" అన్నప్పుడు సమం (ఆవర్తనం మొదలు) దగ్గర అందుకుంటుంది. పిల్లలకు ఇది సరదా కూడా. తెలియని ప్రశ్న వస్తే "తెలియదండీ" అని చెప్పడం నేర్పండి. నసుగుతూ నేల చూస్తూ కూర్చుంటే తెలిసిన ప్రశ్నకూ సమాధానం రాదు.

బయట వరండాలో వేచి ఉన్నప్పుడు పక్కపిల్లలు గట్టిగా పాడుకుంటూ ఉంటారు, వేరే వేరే శ్రుతుల్లో. పాపను కాస్త దూరంగా తీసుకెళ్లండి. చివరి నిమిషంలో నోటుబుక్కు తెరిచి ప్రశ్నలు అడగకండి. లోపలి నుంచి వచ్చాక "ఏం అడిగారు, ఏం తప్పావు?" అని గుచ్చిగుచ్చి అడగడం కూడా వద్దు. ఇంటికెళ్లాక తనే చెబుతుంది.

ఫలితాల తరువాత

మార్కుల కాగితం వస్తే అందులో ప్రాక్టికల్, సిద్ధాంతం విడివిడిగా చూడండి. సిద్ధాంతంలో తగ్గితే అది నెల రోజుల చదువుతో సరిపోయేది. ప్రాక్టికల్లో తగ్గితే టీచరుతో కూర్చుని శ్రుతా, తాళమా, గీతాలా అన్నది తేల్చుకోండి, తరువాతి ఆర్నెల్ల సాధకం దాన్నిబట్టే మారాలి. బాగా వచ్చినా వెంటనే పై పరీక్షకు ఫీజు కట్టేయకండి. తరువాతి మెట్టులో స్వరజతులు, వర్ణాలు అనే పెద్ద రచనలు వస్తాయి, వర్ణానికి రెండు కాలాల్లో గొంతు తిరగాలి. అలంకారాలు అకారంతో మూడో కాలంలో నలగకుండా పలుకుతున్నాయో లేదో ఒకసారి చూసుకోండి. పలుకుతుంటే టీచరును అడిగి వర్ణం మొదలుపెట్టించొచ్చు, లేకపోతే ఈ వేసవి సెలవులు అలంకారాలకే.